మా విల్మార్ మీద నిషేధం

మా తమ్ముడు విల్మార్ తెచేరా పందొమ్మిదేళ్ళు ఫుట్‌బాల్ డిఫెండర్‌గా ఆడాడు. మాంటెవిడియోలో కొన్నాళ్ళు, ఈక్వడార్‌లో కొన్నాళ్ళు, చివరి మూడేళ్ళు మెక్సికోలో. మోకాలు పాడయ్యాక కోచ్ అయ్యాడు. ఆడినన్నాళ్ళలో వాడికి పదిహేడు ఎర్రకార్డులు పడ్డాయి. కోచ్ అయ్యాక పడ్డవాటిని లెక్కపెట్టడం నేను మానేశాను. వాడికి ఒకచోట కూర్చోవడం రాదు. బొలీవియాలో రిఫరీ చేతిలోంచి విజిల్ లాక్కున్నాడు, ఉద్యోగం పోయింది. పెరూలో సొంత గోల్‌కీపర్‌తోనే మైదానం మధ్యలో పోట్లాడాడు, అక్కడా పోయింది. ప్రతిసారీ పెట్టె పట్టుకుని మా ఇంటికే వస్తాడు. ఆ పెట్టె కింద పెట్టకముందే, ఈసారి తప్పు తనది కాదంటాడు.

ముప్పై ఏళ్ళుగా మా ఊరి ఎస్త్రెయా క్లబ్బు క్యాంటీన్ నేనే నడుపుతున్నాను. మా ఇల్లు కూడా గోల్ వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. క్లబ్బు అధ్యక్షుడు లరోసా గారు పశువుల డాక్టరు, నెమ్మదైన మనిషి. విల్మార్‌ను కోచ్‌గా పెట్టుకునే ముందు, మీ తమ్ముడు మారాడా అని నన్నే అడిగారు. మారాడన్నాను. ఇంకేమంటాను, సొంత తమ్ముడాయె.

ఆ ఏడు మా జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళింది. మేం ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం. ఇంకో ఐదు నిమిషాల ఆట ఉంది. అవతలి జట్టు కుర్రాడొకడు బంతితో మా బెంచీ పక్కనుంచే దూసుకుపోతున్నాడు. చేతిలో పట్టకారుతో నేను చూస్తూనే ఉన్నాను. మా విల్మార్ తోలుబూట్లతో గీత దాటి మైదానంలోకి జారి, ఆ కుర్రాడి కాళ్ళ దగ్గర బంతిని బయటికి తన్నేశాడు. తనను ఆపింది ఎవరో అర్థంకాక ఆ కుర్రాడు చుట్టూ చూశాడు. యాభై రెండేళ్ళ మనిషి, కోటులో, గడ్డి మీద పడి ఉన్నాడు. వాళ్ళకిచ్చిన ఫ్రీకిక్ మా వాళ్ళ కాళ్ళకు తగిలి పక్కకు పోబట్టి గెలిచాం. విల్మార్ మీద మాత్రం నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది.

"బంతినే కొట్టానక్కా. వాడి కాలు తగల్లేదు" అన్నాడు ఇంటికొచ్చి.

"ఒరేయ్, నువ్వు కోచ్‌వి రా."

"కాదన్నానా? కాలు మాత్రం తగల్లేదు."

ఫైనల్ ఆ వచ్చే ఆదివారం, మా మైదానంలోనే. వాడు లోపలికి అడుగు పెట్టకూడదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. తను మా డాబా ఎక్కి ఆట చూస్తూ ఫోన్లో చెబుతాడట, నేను క్యాంటీన్ నుంచి బెంచీ దాకా వెళ్ళి సహాయకుడు రూబెన్‌కు చేరవేయాలట. కుదరదన్నాను. మూడు రోజులు నేను బట్టలుతుకుతున్నా, పిండి కలుపుతున్నా వెనకాలే తిరిగాడు. చివరికి ప్రాణం విసిగి సరేనన్నాను.

మొదటి ఇరవై నిమిషాల్లో తొమ్మిదిసార్లు నడిచాను. పొయ్యి మీద సాసేజీలు మాడిపోయాయి. మా జట్టులోని పొట్టి ఆటగాడు ఒర్తీస్‌ను వెనక్కి రమ్మంటాడు, రెండు నిమిషాల్లో ముందుకు పొమ్మంటాడు, అసలు తీసేసి ఇంకొకణ్ణి దింపమంటాడు. రూబెన్ ఒకప్పుడు గోల్‌కీపరు, మితభాషి. తొమ్మిదోసారి టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"జుల్మా గారూ, ఇప్పుడు చెప్పిందానికీ ఇందాక చెప్పిందానికీ పొంతన లేదు. ఏది చేయమంటారు?"

"నీకేది తోస్తే అది చెయ్యి నాయనా" అని ఫోను గొంతు పూర్తిగా తగ్గించి ఏప్రన్ జేబులో పడేశాను.

డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన విల్మార్ రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. తమను పలకరిస్తున్నాడనుకుని జనం కూడా తిరిగి చేతులూపారు.

రూబెన్ ఒర్తీస్‌ను తీయలేదు. డెబ్బై ఎనిమిదో నిమిషంలో వచ్చిన కార్నర్‌ను ఆ పొట్టివాడే తలతో గోల్‌లోకి కొట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళకు మా ఊరికి కప్పు వచ్చింది.

తన సలహాలే గెలిపించాయనుకుని విల్మార్ డాబా దిగి ఏడుస్తూ వచ్చి నన్ను వాటేసుకున్నాడు. అబద్ధం మోయడం నావల్ల కాలేదు, ఫోను సంగతి చెప్పేశాను.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"ఇరవయ్యో నిమిషం నుంచి."

మెట్టు మీద కూలబడ్డాడు. చేతిలోని ఫోన్ను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నాకు జాలేసింది.

ఆ జాలి తెల్లారేవరకే మిగిలింది. పొద్దున్నే స్థానిక రేడియోలో, ఒర్తీస్‌ను తను ఎందుకు ఆటలో ఉంచాడో అరగంట సేపు వివరించాడు. ఇంటికొచ్చి తాపీగా మాతే ఆకుల తేనీరు తాగడానికి కూర్చున్నాడు.

"రూబెన్ పేరు ఒక్కసారైనా ఎత్తావా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "టైము సరిపోలేదక్కా."

మాతే తాగే సొరబుర్ర వాడి చేతిలోంచి తీసేసుకున్నాను. "కప్పు అతని వల్లే వచ్చిందని వాళ్ళింటికెళ్ళి చెప్పు. చెప్పాకే రా."

వెళ్ళాడు. రెండు గంటలకు తిరిగొచ్చాడు. ఆ మర్నాటి నుంచి తర్వాతి పోటీల ప్రాక్టీసులో జట్టును రూబెన్ ఎంచుతుంటే, మా వాడు చేతులు వెనక్కి కట్టుకుని పెదవి కొరుక్కుంటూ పక్కన నిలబడ్డాడు. బుధవారం దాకా. గురువారం వాడి కేకలు గోడ దాటి మా వంటింట్లోకి వినబడ్డాయి. లేచి కిటికీ మూసేశాను.