పుర్రచేతి గోడ

బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి రాతిపని మేస్త్రి తన ఇంటి ప్రహరీగోడకు గడ్డపార వేశాడు. తొమ్మిదీ పన్నెండుకి, ఎదురింటి తలుపు కొలతలు తీసుకుంటున్న పురాతన కట్టడాల అధికారిణి వచ్చి ఆపమంది.

ఆ గోడ రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. వయసు మూడు వందల ఏళ్ళని రాసి ఉంది. దానిమీద చెయ్యి వెయ్యాలంటే అనుమతి కావాలి, అనుమతికి ఆరు నెలలు పడుతుంది. మేస్త్రికి ఉన్నది రెండు రోజులు. శుక్రవారం అక్క ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో వస్తోంది. కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు, గోడలో దారి ఇరవై నాలుగు. ఇంటికి వేరే దారి లేదు.

"ఈ గోడ కట్టింది నేనమ్మా," అన్నాడు మేస్త్రి. "ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. పాత మిల్లు కూలితే ఆ రాళ్ళు తోలుకొచ్చి కట్టాను."

"ఇలాంటి పని ఇప్పటివాళ్ళ వల్ల కాదు మేస్త్రిగారూ," అందామె.

సంతోషపడాలో ఏడవాలో మేస్త్రికి తెలియలేదు.

గడపలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్న భార్య అందుకుంది. "మూడు వందల ఏళ్ళా? నన్ను చేసుకునేటప్పుడు ఇరవై ఏడన్నారే!"

"నువ్వూరుకో."

"నేనూరుకుంటే మా వదిన వీధిలో కూర్చుంటుంది. ఆవిడ నోటికి మీరే జవాబు చెప్పుకోండి."

"సాక్ష్యం ఉందా?" అని అడిగింది అధికారిణి.

"ఇదిగో, మా ఆవిడ."

"నేను చూళ్ళేదమ్మా," అంది భార్య. "అప్పుడు కాన్పుకి పుట్టింట్లో ఉన్నాను. వచ్చేసరికి గోడ ఉంది. దారి మరీ ఇరుకుగా ఉందేమిటని అప్పుడే అడిగాను."

మేస్త్రి పెరట్లో మిగిలిన మిల్లు రాళ్ళు మోసుకొచ్చి, పాత గోడ పక్కనే కొత్తగా కట్టడం మొదలుపెట్టాడు. చూసి పోల్చుకోమన్నాడు. ఒంటి గంటకి రెండు మూరల గోడ లేచింది. మధ్యలో ఒక రాయి పొట్ట ముందుకు తోసుకొచ్చింది.

"చూశారా తేడా!" అంది అధికారిణి.

"అప్పుడాయనకి నడుముండేదమ్మా," అంది భార్య.

అధికారిణి నవ్వుతూ వంగింది. నవ్వు ఆగిపోయింది. రాళ్ళ సందుల్లో బిగించిన ముక్కల మీద వేలు పెట్టింది. "ఇవన్నీ ఎడమవైపు నుంచి కొట్టారేమిటి?"

"నాది పుర్రచెయ్యి. మా గురువు వేళ్ళమీద కొట్టి చూశాడు. మారలేదు."

ఆమె ఫైలు తెరిచింది. అందులో ఆమె చేత్తోనే రాసి ఉంది: రాతిముక్కలను ఎడమ నుంచి బిగించుట ఆ కాలపు పద్ధతి, నేడు అంతరించినది. ఆ ఒక్క గుర్తు చూసి చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకో నాలుగు గోడలు జాబితాకెక్కించింది. పేజీ తిప్పి ఒక్కో గోడా ఎక్కడుందో చదివింది.

మేస్త్రి వేళ్ళమీద లెక్కపెట్టాడు. "మూడు నావేనమ్మా. నాలుగోది మా మేనల్లుడిది. వాడికీ నా చెయ్యే వచ్చింది."

"అంతరించలేదమ్మా," అంది భార్య. "అన్నానికి రమ్మంటే రావడం లేదంతే."

అధికారిణి కొత్త గోడమీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. రెండు గ్లాసులు తాగింది. తర్వాత పై అధికారికి ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పింది. ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

గురువారం పదకొండు గంటలకి ఉత్తరం చేరింది. మేస్త్రి గోడను జాబితాలోంచి తీసేశారు. మిగతా నాలుగింటినీ మళ్ళీ పరిశీలిస్తామని రాశారు. చీకటి పడేలోపు మేస్త్రి దారిని ముప్ఫై అంగుళాలు చేశాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి అక్క కుర్చీ లోపలికి వచ్చింది. ఇరువైపులా రెండేసి అంగుళాలు మిగిలాయి.