రెండో ప్లేయర్‌కి పనేముంది

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మా ఆయన తను రాసిన రివ్యూ పైకి చదివి వినిపించాడు.

"'ఇద్దరు కలిసి ఆడాల్సిన ఆటే అయినా రెండో ప్లేయర్‌కి పెద్ద పనేమీ లేదు. మా ఆవిడలాంటి, ఏనాడూ ఆటల ముఖం చూడనివాళ్ళు కూడా నెట్టుకొచ్చేస్తారు. చివరి రాక్షసి మరీ తేలిక. పదికి ఆరు.' ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాను. పదకొండేళ్ళుగా నోటికి అలవాటైన మాట. చేతిలో ఆయన బనియన్ ఉంది. మడతపెట్టబుద్ధి కాలేదు.

ఆయన ఒక పత్రికకి వీడియో గేముల మీద రాస్తాడు. ఈ ఆటలో ఇద్దరు కత్తులు పట్టుకుని నేలమాళిగలో గదులు దాటుకుంటూ పోవాలి. ఇద్దరూ చస్తే సంపాదించిందంతా పోయి మళ్ళీ మొదటి గదే; పైగా ఈసారి గదులన్నీ మారిపోయి ఉంటాయి. అంట్లు తోమడం లాంటిదే, ఎంత చేసినా రేపటికి మళ్ళీ మొదలు. ఒకరు పడిపోతే రెండోవాళ్ళు పక్కన నిలబడి, దెబ్బలు తింటూ, బటన్ నొక్కిపట్టి లేపాలి. మూడు వారాలు నేను చేసిన పని అదే. ఆయన తలుపు తెరుచుకోగానే ముందువెనకా చూడకుండా దూకుతాడు, పడతాడు, "లేపు, లేపు, ఏం చూస్తున్నావ్?" అని అరుస్తాడు. లేపితే మళ్ళీ దూకుతాడు. ఆలస్యమైతే "నీ వల్లే పోయింది" అంటాడు. ఏదో ఒకటి తింటూ ఆ నూనె వేళ్ళతోనే ఆడతాడు కాబట్టి కంట్రోలర్లు జిడ్డోడుతుంటాయి. ఆ జిడ్డు తుడిచేదీ నేనే. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే "రా, కూర్చో" అనేవాడు. కూర్చుంటే అత్తయ్య వంటింట్లో గిన్నెలు దబదబలాడిస్తూ, "వాడంటే ఉద్యోగం చేసుకుంటున్నాడు. నీకీ వయసులో ఆటలేమిటమ్మా?" అనేది. ఒకే సోఫా, ఒకే తెర. ఆయనది ఉద్యోగం, నాది ఆట!

చివరి రాక్షసి దగ్గర ఆయన మొదటి నిమిషంలోనే పడ్డాడు. అంతలో ఫోన్ మోగితే "కాసేపు చూసుకో" అని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఇరవై నిమిషాలు ఒక్కదాన్నే పోరాడాను. బొటనవేలు బొబ్బలెక్కింది. అది కూలినప్పుడు లేచి గెంతాను, నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. ఆయన లోపలికొచ్చి తెరకేసి చూసి, "అయిపోయిందా? అయితే ఈజీయే అన్నమాట," అన్నాడు.

రివ్యూ అచ్చయిన మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్తే బల్ల మీద ఆయన ఫోన్ మోగింది. ఎత్తాను. ఎడిటర్ గారు.

"అమ్మా, మిగతా పత్రికలన్నీ ఆ చివరి యుద్ధం చెమటలు పట్టించిందని రాశాయి. తొమ్మిదికి తక్కువ ఎవరూ ఇవ్వలేదు. మనవాడొక్కడే తేలికంటాడు. పాఠకులు దుమ్మెత్తిపోస్తున్నారు. అసలెలా గెలిచాడో కాస్త కనుక్కుని చెప్తావా?"

బాత్రూం తలుపు సందులోంచి సబ్బు నురగతో ఆయన తల బయటికొచ్చింది. ఏదో ఒకటి చెప్పెయ్ అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఊళ్ళో లేరని, ఒంట్లో బాగోలేదని, ఇలాంటివి ఎన్ని చెప్పానో. ఆ తల చూస్తే పచ్చి అసహ్యం వేసింది. ఆయన మీద ఎంతో, ఇన్నాళ్ళూ ఆ అబద్ధాలు ఆడిన నా నోటి మీదా అంతే.

"ఆయన ఆ యుద్ధం చూడనే లేదండీ. ఆడింది నేను," అన్నాను.

ఎడిటర్ గారు గొంతు సవరించుకున్నారు.

"అయితే నువ్వే చెప్పమ్మా. ఆట ఎలా ఉంది?"

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన తువ్వాలు చుట్టుకుని తడికాళ్ళతో పరుగెత్తుకొచ్చి ఫోన్ ఇమ్మని చెయ్యి చాచాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"రాసుకోండి," అన్నాను. "ఆట చాలా బాగుంది. పక్కన ఆడే మనిషే బాగాలేడు."