పదహారు ఆకుల బంతి

సర్వర్ మూత విప్పగానే లోపల భోజనాల పందిరి ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తాను. దుమ్ము పడకూడదని మా ఆఫీసు నియమం.

ప్రాసెసర్ పనితనం కొలవడం నా ఉద్యోగం. ఒకే సర్వర్ మీద బోలెడు వర్చువల్ మెషిన్లు నడుస్తాయి. ప్రతి ఒక్కటీ ఇల్లంతా తన ఒక్కదానిదే అనుకుంటుంది. అందుకే ఒక్కొక్కరినీ ఒక్కో ఆకు ముందు కూర్చోబెట్టి, ప్రాసెసర్ చేత వడ్డింపజేసి, ఏ ఆకు దగ్గర ఆలస్యం మొదలవుతుందో చూస్తాను.

ఈ పాత ప్రాసెసర్ పేరు అప్పాయమ్మ గారు. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, రెండు చేతుల్లో పన్నెండు గరిటెలు పట్టుకున్నారు. పదహారు ఆకులకీ ఆలస్యం లేకుండా వడ్డిస్తే ఇక్కడే ఉంటారు. లేకపోతే సాయంత్రం తుక్కులోకి వెళ్తారు, ఆవిడ పెట్టే అన్నం తినేవాళ్ళతో సహా.

"బంతి లేచాకే అంకె రాయండి సువర్చల గారూ. మధ్యలో రాస్తే చెల్లదు," అంటారు మా మేనేజరు ఫణీంద్ర గారు, పందిరి రాటకి ఆనుకుని.

మొదటి పదిహేనుమందీ ఎవరో నాకు తెలియదు. పదహారో ఆకు ముందు మా మంగతాయారు పిన్ని కూర్చుని ఉంది.

పిన్ని పోయి ఆరేళ్ళయింది. మా ఊరి బస్టాండులో ప్రకటనలు చదివేది. ఆ గొంతు రికార్డు చేసి ఈ సర్వర్‌లో పెట్టారు. ఇంకెక్కడా లేదు. బడి వదిలాక ఆమె బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. "అమలాపురం వెళ్ళు బస్సు" అని వినగానే ఆకలేసేది, ఆ బస్సు కదిలాకే పిన్ని టిఫిన్ డబ్బా మూత తీసేది మరి. ఇప్పుడూ ఆకలేస్తోంది.

"ఏవే, అంత చిక్కిపోయావు?" అంటుంది పిన్ని, నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోకుండా.

అప్పాయమ్మ గారు పప్పు వడ్డిస్తారు. పులుసు వడ్డిస్తారు. పద్నాలుగో ఆకు దగ్గర గరిటెలు తడబడతాయి. ఆ ఆకు ముందున్నాయన చారు కోసం ఎదురుచూస్తూ గడ్డం పెంచుకుంటాడు. వేళకి అందిన ఆకులు ఎన్నో లెక్కపెడతాను. పదమూడే. చాలదు.

"మా పిన్నిని కొత్త సర్వర్‌లోకి మారుద్దామండీ."

"ఆవిడది పాత సిస్టమండీ. కొత్తింటి గుమ్మం ఆవిడకి అమరదు," అంటారు ఫణీంద్ర గారు. బాధగానే అంటారు, పాపం.

అప్పాయమ్మ గారు నా పక్కకి వచ్చి గొంతు తగ్గిస్తారు. "పెద్దదాన్నయిపోయానమ్మా. మీ పిన్ని గారికి మాత్రం ఏనాడూ మజ్జిగ తక్కువ చెయ్యలేదు. ఆయ్."

మజ్జిగలూ అయిపోతాయి. పదిహేనుమంది తినేసి, లేవకుండా పిన్ని వైపు చూస్తారు. మా వైపు అంతే. బంతిలో ఆఖరివాళ్ళు తినేదాకా ఎవరూ లేవరు, లేస్తే తినేవాళ్ళని అవమానించినట్టు. పిన్ని చివరి ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. ఫణీంద్ర గారు పెన్ను మూత తీసి నాకిస్తారు.

నేను తీసుకోను. పిన్ని పక్కన చతికిలబడతాను.

"అప్పాయమ్మ గారూ, నాకూ ఓ ఆకెయ్యండి."

"అయ్యయ్యో, కొలిచేవాళ్ళు బంతిలో కూర్చుంటారేంటండీ!" అంటారు ఫణీంద్ర గారు. కానీ ఆయనా గోదారివాడే. ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపడం ఆయన తరం కాదు. పెన్నుకి మూత పెట్టి, గడియారం వైపు వీపు తిప్పి నిలబడతారు.

అన్నం పొగలు కక్కుతోంది. నేను ఒక్కో మెతుకే తింటున్నాను. పిన్ని చెయ్యి ఎండిపోతున్నా కదలదు.

"నిదానంగా తినవే. నీకోసం కూర్చుంటాగా," అంటుంది. ఈ గొంతు కోసం ఎంత మొహం వాచిపోయి ఉన్నానో నాకిప్పుడు తెలుస్తోంది.

ఆకు పొడుగవుతూ పందిరి దాటిపోతుంది. ఈనె వెంబడి మెతుకులు వరసగా నిలబడి లైట్లు వేసుకుంటాయి. వాటి కిటికీల్లోంచి ప్రయాణికులు తలలు బయటపెట్టి చూస్తున్నారు. పిన్ని గొంతు సవరించుకుని, "అమలాపురం..." అని ఆగి, నేను తినడం అయిందేమోనని నా ఆకు వైపు చూస్తుంది. నేను ఇంకాస్త అన్నం పెట్టించుకుంటాను. మెతుకులన్నీ ఇంజన్లు ఆపకుండా, ఆమె మాట కోసం అక్కడే నిలబడి ఉన్నాయి.