దోర్కమ్మ అతుకు

నేను ఒక లేసు బల్లగుడ్డని. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. గుడ్డముక్కకి కోపమేమిటని నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. నా కథంతా విన్నాక కూడా నవ్వొస్తే మీతో నాకు మాటల్లేవు.

మొన్నటిదాకా నా కాపురం మధ్యధరా సముద్రంలో, ఒక ద్వీపం ఒడ్డున కట్టేసి ఉండే చిన్న పడవలో. ద్వీపం పేరు చెప్పను. అక్కడ మంచివాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక మనిషి చేసిన పనికి ఊరందరి మొహానా మసి పూయడం నాకిష్టం లేదు. సెలవులు గడపడానికి వచ్చినవాళ్ళలో కొద్దిమందిని సాయంత్రం ఈ పడవ ఎక్కిస్తారు. నడిసముద్రంలోకి తీసుకెళ్ళి సూర్యుడు మునగడం చూపించి మళ్ళీ ఒడ్డుకి చేరుస్తారు. సూర్యుడు రోజూ ఊరికే మునుగుతాడు కదా, దానికి టికెట్టెందుకని మీరు అడగవచ్చు. మనుషులకి ఊరికే దొరికేది కంటికి ఆనదు. టికెట్టు కొన్నాక మాత్రం చూస్తారా? అందరూ వీపు సూర్యుడివైపు తిప్పి, ఫోనులో తమ మొహాలే చూసుకుంటారు.

పడవ మధ్యలో బల్ల, బల్ల మీద నేను, నా మీద ఆలివ్ కాయలు, చీజ్ ముక్కలు, వైను గ్లాసులు. చూసినవాళ్ళందరూ నన్నే మెచ్చుకునేవాళ్ళు. అక్కడే నా కోపం మొదలయ్యేది.

నేను పుట్టింది నరసాపురం అవతల, గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న ఒక పల్లెలో. అక్కడి ఆడవాళ్ళు అన్నం ఉడుకుతుంటే అల్లుతారు, పిల్లకి పాలిస్తూ అల్లుతారు, పొరుగింటావిడతో పోట్లాడుతూ కూడా అల్లుతారు. పోట్లాట ముదిరిన చోట కుట్టు బిగుస్తుంది. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, తయారైంది పట్టుకుపోతాడు. అది ఏ దేశం వెళ్ళిందో, ఎవరి బల్ల ఎక్కిందో ఎవరూ చెప్పరు, వీళ్ళూ అడగరు.

నన్ను ఒక్క మనిషి అల్లలేదు. అక్కడి పద్ధతే అది. పువ్వులు కొందరు, ఆకులు కొందరు, ఎవరింట్లో వాళ్ళు అల్లి ఇస్తారు. ఆ ముక్కలన్నీ చాప మీద పరిచి, మధ్య ఖాళీల్లో గొలుసుకుట్లు నడిపి ఒకే గుడ్డగా చేసేవాళ్ళు వేరే ఉంటారు. దాన్ని అతుకుపని అంటారు. పువ్వు ఎంత అందంగా ఉన్నా అతుకు లేకపోతే అది అరచేతిలో ముక్కే. నన్ను అతికిన మనిషి పేరు దోర్కమ్మ. భర్త లేడు, ఒక్కతే కూతురు, కెజియా. ఆ పిల్ల నర్సింగు చదువు నడిచింది ఈ అతుకుల మీదే. వెలుతురు పడే చోటు వెతుక్కుని, పొద్దు తిరిగినకొద్దీ చాప జరుపుకుంటూ ఆమె నన్ను అతికింది.

తరువాత నన్ను ఉతికారు, గంజి పెట్టారు, ఇస్త్రీ చేశారు, ప్లాస్టిక్ కవరులో కుక్కారు. ఓడలో చీకటి కొట్టు, ఏదో రేవులో గోదాము, చివరికి ఈ ద్వీపంలో ఒక దుకాణం. ఇండియాలో చేసిందని నా మూలకి చిన్న చీటీ ఉండేది. నన్ను కొన్నావిడ పేరు ఫిలిపా, పడవ యజమాని భార్య. ఇంటికి తీసుకెళ్ళగానే చేసిన మొదటి పని, ఆ చీటీని గోటితో గీకి పీకెయ్యడం. ఆ గోరు నాకింకా గుర్తుంది.

ఆ సాయంత్రమే నాకు కొత్త పుట్టుక వచ్చింది. "ఇది మా నానమ్మ చేతిపని. మా తాత చేపల వేటకి వెళితే, ఆయన తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుని, ఎన్నో శీతాకాలాలు అల్లింది" అని ఫిలిపా గొంతు తగ్గించి చెప్పింది. ప్రయాణికులు కళ్ళు తుడుచుకున్నారు. ఒకావిడ నా అంచుని ముద్దు కూడా పెట్టుకుంది. అప్పటినుంచి రోజూ అదే పాట. ఆ నానమ్మ మీద నాకు కోపం లేదు, పాపం ఆవిడ మంచిదే అయ్యుంటుంది. కానీ సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది నా నెత్తినే జరుగుతుంటే అరికాలి మంట నెత్తికెక్కేది. ఒళ్ళంతా చిల్లులే ఉన్నా నోరన్నది ఒక్కటీ లేకపోయె.

ఇక అసలు సంగతి. కెజియా చదువు పూర్తిచేసి ఈ ద్వీపంలోనే ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేరింది. ఆ ఆశ్రమం ఫిలిపా అన్నగారిది. ఈ వేసవిలో దోర్కమ్మ కూతురిని చూడటానికి వచ్చింది. "మా అన్న దగ్గర పనిచేసే పిల్ల, వాళ్ళమ్మ కూడా వచ్చిందట, పాపం" అని ఫిలిపా వాళ్ళిద్దరినీ ఒక సాయంత్రం పడవకి పిలిచింది. ఆ రోజు వాళ్ళతోపాటు ఒక జర్మన్ జంట, ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక రిటైరైన పంతులమ్మ ఎక్కారు.

దోర్కమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. బల్ల పక్కన కూర్చోగానే కెజియా ఆమె చెవి దగ్గరకి వంగింది.

"అమ్మా, ఇక్కడ గట్టిగా మాట్లాడకు. ఈవిడ మా ఓనరుగారి చెల్లెలు. వచ్చే వారం నా కాంట్రాక్టు మీద ఆయన సంతకం పెట్టాలి. అది అయితేనే ఇక్కడ ఉంటాను, లేకపోతే బిస్తరు సర్దుకోవడమే."

"నేనేం మాట్లాడతానే, నా మొహం. వాళ్ళ మాట నాకొచ్చా, నా మాట వాళ్ళకొచ్చా?" అంది దోర్కమ్మ.

పడవ కదిలింది. సముద్రం దోర్కమ్మకి కొత్త కాదు, అందుకని అటు చూడలేదు. ఆమె చూపు నా మీద పడింది. ఆలివ్ కాయల పళ్ళెం పక్కకి జరిపింది. నా మీద చెయ్యి వేసింది. దారం ఒరిసి గాడి పడిన ఆ చూపుడువేలు తగలగానే నేను గుర్తుపట్టాను. ఇన్నేళ్ళ కోపం ఒక్కసారి జారిపోయింది. ఏడవగలిగితే ఏడ్చేదాన్ని.

"ఒసే కెజ్జీ! ఇది నేనతికిందేనే!"

"నెమ్మదిగా అమ్మా. ఇలాంటివి బోల్డుంటాయి."

"బోల్డెలా ఉంటాయే? ఈ మూల పువ్వు చూడు, రేకు తక్కువ. రాహేలుకి నొప్పులొచ్చేసి, ఆసుపత్రికి పోతా పోతా నా ఒళ్ళో పడేసింది దీన్ని. ఏజెంటు చూస్తే తీసేస్తాడని చుట్టూ గొలుసు ఎక్కువేసి కప్పెట్టాను. నా కుట్టు నాకు తెలీదేంటి? చెప్పవే ఆవిడికి. సంబరపడుద్ది!"

సంబరపడుతుందట! పిచ్చితల్లి, దొంగ ఇంట్లో తన నగ కనబడితే ఆ దొంగ కూడా సంతోషిస్తుందనుకుంది.

ఫిలిపా నవ్వుతూ దగ్గరకొచ్చింది. "మీ అమ్మ ఏమంటోంది?" అని ఇంగ్లీషులో అడిగింది.

కెజియా తల్లివైపు చూడకుండా నవ్వింది. "చాలా అందంగా ఉందంటోంది. మీ నానమ్మవి బంగారు చేతులంటోంది" అంది.

నాకు తెలుగు పుట్టుకతో వచ్చింది, ఇంగ్లీషు ఈ పడవలో వచ్చింది. రెండూ తెలిసినవాళ్ళం ఆ పడవలో ఇద్దరమే. అందులో ఒకరు అబద్ధమాడితే రెండోదానికి నోరు లేదు. నా మీదున్న గ్లాసులన్నీ సముద్రంలోకి దొర్లించాలనిపించింది. ఫిలిపా దోర్కమ్మని కౌగిలించుకుని రెండు చెంపలూ ముద్దాడింది. పంతులమ్మ చప్పట్లు కొట్టింది. దోర్కమ్మ ఆ చప్పట్లు తనకే అనుకుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"చూశావా, ఎంత మర్యాదస్తులో! మన ఏజెంటు ఏనాడన్నా బాగుందని ఒక్క ముక్కన్నాడా? ఇదిగో, పువ్వులు నావి కావని కూడా చెప్పు. రాహేలువీ, మహాలచ్చిమివీ. ఆకులు సుందరమ్మవి. నేనతికానంతే. వాళ్ళ పేర్లు చెప్పకపోతే పొగడ్తంతా నేనే నొక్కేసినట్టుంటది."

"ఇప్పుడేమంటోంది?" అంది ఫిలిపా.

"సముద్రం చాలా బాగుందంటోంది" అంది కెజియా.

కన్నకూతురు! ఏ దారం మీద చదివిందో ఆ దారం ముందు కూర్చుని! నాకు ఫిలిపా మీదున్న కోపమంతా ఆ క్షణాన ఈ పిల్ల మీదికి మళ్ళింది. భయపడిందని తెలుసు. భయపడేవాళ్ళ మీద జాలిపడాలని కూడా తెలుసు. నాకు జాలి రాలేదు.

అంతటితో ఆగినా దోర్కమ్మ ఆ సంతోషంతోనే ఊరికి తిరిగి వెళ్ళేది. కానీ పొగడ్తకి ఉబ్బిపోయిన ఫిలిపా లోపలికెళ్ళి ఒక ఫోటో పట్టుకొచ్చింది. నల్లముసుగు వేసుకున్న ముసలావిడ ఫోటో. దాన్ని తెచ్చి నా నడిబొడ్డున నిలబెట్టింది. ముసలావిడని చూపించి, నన్ను చూపించి, వేళ్ళతో గాలిలో అల్లుతున్నట్టు అభినయించి, గుండె మీద చెయ్యి వేసుకుంది. దానికి ఏ భాషా అక్కర్లేదు.

దోర్కమ్మ మొహంలో నవ్వు కాసేపు అలాగే నిలిచి, తరువాత పోయింది.

"ఎవరే ఈవిడ?"

"వాళ్ళ నానమ్మ."

"నా లేసు మీద ఈవిణ్ణెందుకు పెట్టింది?"

కెజియా తల దించుకుని గ్లాసులు సర్దసాగింది.

"ఇందాకట్నుంచీ నువ్వేం చెప్తున్నావే వాళ్ళకి?"

"అమ్మా, నీకు దండం పెడతాను. ఇప్పుడొద్దు. ఆవిడ అబద్ధమాడుతోందని అందరిముందూ ఎలా చెప్పను? రేపే వాళ్ళన్నతో చెప్పి నన్ను పంపించేస్తుంది. ఆ సంతకం అవనీ."

దోర్కమ్మ లేచి నిలబడి అరచేత్తో బల్ల మీద కొట్టింది. ఒక గ్లాసు పడి వైను నా మీద ఒలికింది. "మాదీ ఇది!" అని అరిచింది, గుండెలు చరుచుకుంటూ. "మేం చేసుకున్నాం! మా ఊళ్ళో! కళ్ళు కాయలు కాసేలా కూకుని చేసుకున్నాం! మీ ముసలమ్మది కాదు!"

చుక్కాని దగ్గరున్న ఫిలిపా మొగుడు వెనక్కి తిరిగాడు. "ఏమైంది? ఏమంటోంది?" అని ఫిలిపా కంగారుగా అడిగింది. అందరూ కెజియా వైపు చూశారు. చెప్పవే, ఇప్పుడైనా చెప్పవే అని నేను లోలోపల మొత్తుకున్నాను. కెజియా తల్లిని చూసింది, ఫిలిపాని చూసింది.

"తల తిరుగుతోందట. పడవ ప్రయాణం పడలేదు" అంది.

అయ్యయ్యో అంటూ అందరూ చుట్టుముట్టారు. పంతులమ్మ నిమ్మచెక్క వాసన చూపించింది. జర్మన్ ఆయన విసనకర్ర దొరక్క టోపీతో విసిరాడు. ఫిలిపా చెడ్డదైతే నా కోపానికి హాయిగా ఉండేది. కానీ ఆమె నిజంగానే బాధపడింది. దోర్కమ్మని బెంచీ మీద పడుకోబెట్టి, తలకింద మెత్తగా ఉండాలని మీదున్నవన్నీ తీసి నన్ను బల్ల మీంచి లాగి, వైను తడి లోపలికి పోయేలా మడతపెట్టి, ఆ తలకింద పెట్టింది. ఇంతలో సూర్యుడు నీళ్ళని తాకాడు. డబ్బు కట్టింది అందుకే కాబట్టి అందరూ లేచి అటు పోయి ఫోన్లు ఎత్తారు. ఇటు చూసేవాళ్ళు లేరు. కెజియా ఉంది కానీ తలెత్తలేదు.

దోర్కమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేడి ఊపిరి మాత్రం నా చిల్లుల్లోంచి కొట్టింది. ఆమె వేళ్ళు నా మడతల్లో ఏదో వెతికాయి. అతుకు పూర్తయ్యాక చివరి ముడిని ఎవరికీ కనబడకుండా లోపలికి దోపేస్తారు. అది ఎక్కడుందో అతికిన మనిషికే తెలుసు. దొరికింది. లేసుపని వాళ్ళెవరూ కత్తెర కోసం లేవరు. ఆమె ముడిని పళ్ళ మధ్య పెట్టి పుటుక్కున కొరికింది. కొస పట్టి లాగింది. గొలుసులు ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. వచ్చిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ లాగుతూనే ఉంది. పువ్వు దగ్గరకి వచ్చినప్పుడు మాత్రం ఆగి, రేకు చెదరకుండా దారం విడిపించింది. పువ్వులు రాహేలువి, మహాలక్ష్మివి, వాటిని ముట్టుకునే హక్కు తనకి లేదు. తన పని తను వెనక్కి తీసుకుంది, అంతే. నాకు నొప్పి పుట్టలేదు. లాగమ్మా, ఇంకా లాగు అన్నాను.

ఒడ్డు దగ్గర పడేసరికి ఆమె లేచి కూర్చుని, నన్ను తనే జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టి, పైన పళ్ళెం బరువు పెట్టింది. ఎంత మంచి మనిషో అని ఫిలిపా మెచ్చుకుంది.

దిగేటప్పుడు కెజియా గట్టు మీద నిలబడి చెయ్యి చాపింది. దోర్కమ్మ పిడికిలి విప్పలేదు. వేళ్ళ సందులోంచి తెల్లదారం కొస వేలాడుతోంది. కెజియా దాన్ని చూసి బిగుసుకుపోయింది.

"నా దారం నేను తీసుకున్నాను. నీ సంతకం నువ్వు తెచ్చుకో" అంది దోర్కమ్మ, ఆ చెయ్యి పట్టుకోకుండానే దిగుతూ.

మర్నాడు సాయంత్రం ఫిలిపా నానమ్మ కథ మొదలుపెట్టి, నన్ను పరవడానికి పళ్ళెం ఎత్తగానే గాలి నన్ను అందుకుంది. ఒక పువ్వు ఊడి సముద్రంలో పడింది, దాని వెనక రెండు ఆకులు. ఆమె కంగారుగా రెండు చేతులా పట్టుకుంది. ఏ మూల పట్టుకుంటే ఆ మూల చేతిలోకి వచ్చేసింది. దొరికినంతవరకు ఏరి ఒక బిస్కట్ల డబ్బాలో పోసి, అతికేవాళ్ళ కోసం ద్వీపమంతా తిరిగింది. నానమ్మ పని కదా, నానమ్మ ఊళ్ళో ఎవరికీ ఆ కుట్టు తెలియకపోవడమేమిటో ఎవరూ అడగలేదు.

దోర్కమ్మ ఊరెళ్ళిపోయాక, ఇవాళ ఫిలిపా ఆ డబ్బా పట్టుకుని ఆశ్రమానికి వెళ్ళింది. కెజియా ముందు మూత తీసింది.

"మీ అమ్మకి ఇది చాలా నచ్చింది కదా. మీ దేశంలో ఇలాంటివి అతికేవాళ్ళు ఎవరైనా ఉంటారా?"

కెజియా డబ్బాలో వెతికి రేకు తక్కువైన పువ్వుని పైకి తీసింది. చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఉంది" అంది. "దీన్ని మొదట అతికింది కూడా ఆమే. మా అమ్మ. ఈ పువ్వు మా ఊరి రాహేలుది. అప్పుడు పడవలో నేను మీకు అబద్ధం చెప్పాను. మీరూ అందరికీ అబద్ధమే చెబుతున్నారు."

నా కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. ఆ మాట తల్లి వింటుండగా చెప్పాల్సింది. ఫిలిపా డబ్బా మూత పెట్టింది, పువ్వు మాత్రం కెజియా తిరిగి ఇవ్వలేదు. సంతకం ఇంకా కాలేదు.