తోడుకున్నాకే తీయాలి

ఇలా నా పక్కకి జరుగు, నా గొంతు అంతదూరం రాదు. మీ తాతయ్య గొంతు మనకెలా దక్కిందో చెప్తాను.

ఆయన పోయాక ఆ గొంతు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్టులో. రేడియోలు బాగుచేసే ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇంకొక్కసారి తిరుగుతుందమ్మా, తర్వాత తెగిపోతుంది" అన్నాడు. ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి ఎక్కించే పని మీ పెద్దక్క నెత్తినేసుకుంది.

ప్రోగ్రాములు రాయడమే కదా దాని ఉద్యోగం. క్యాసెట్టులోది వచ్చి పడే ఫోల్డర్‌కి కాపలాగా ఓ ప్రోగ్రాము పెట్టింది. అందులో కొత్త ఫైలు కనబడితే చాలు, ఎత్తి భద్రంగా దాచేయాలి. ముందు ఓ పాటల క్యాసెట్టుతో పరీక్షిస్తే, దాచిన పాట పల్లవి మధ్యలోనే పుటుక్కున ఆగిపోయింది.

"నీ కాపలావాడూ నీలాగే తొందరవాడే" అన్నాను.

"ఫైలు పేరు కనబడగానే ఎత్తేస్తోంది అమ్మమ్మా, లోపల పాట ఇంకా నిండుతుండగానే. దాన్ని ఆపాలని రాసేకొద్దీ ప్రోగ్రాము మూడు పేజీలైంది. నేను రాసింది నాకే అర్థం కావట్లేదు."

కిటికీ తెర ఊపిరి తీస్తున్నట్టు లేచి పడుతోంది. నాకు కునుకు పట్టింది. కలలో గూటి నిండా గిన్నెలు, ఒక్కోదాంట్లో పాలకి బదులు ఒక్కో గొంతు. తాతయ్య గిన్నె తీయబోతే మా అమ్మ చేతిమీద ఒక్కటేసింది: "తోడుకోనీవే!"

ఉలిక్కిపడి లేచాను. "పెరుగు తోడుకుందో లేదో ఎలా చూస్తామే? గిన్నె కాస్త వంచుతాం. కదిలితే మూతేసి ఊరుకుంటాం. కాసేపాగి మళ్ళీ చూస్తాం."

మీ అక్క నోరు తెరిచింది. "అంటే ఫైలు పెరుగుతున్నంతసేపూ ఆగాలి. రెండుసార్లు చూసినా పెరగకపోతేనే ఎత్తాలి. అంతేనా!"

మూడు పేజీలూ చెరిపేసింది. కడిగిన పలక మీద రాసినట్టు, కొత్తగా పది వరసలే రాసింది.

"ఈపాటిది నాకు చదువుల్లో ఎవరూ చెప్పలేదు."

"నాకూ చెప్పలేదు. నేను బడికెళ్తేగా!"

ఈసారి పాట మొత్తం వచ్చింది. అప్పుడు తాతయ్య క్యాసెట్టు పెట్టింది. ఏదో వాన గురించి చెబుతూ చెబుతూ ఆయన ఆగిపోయాడు. బరబర తప్ప ఏమీ లేదు. మీ అక్క చెయ్యి ఆపే మీట మీదికి పోయింది. పట్టుకున్నాను.

"నీ పది వరసలు ఏమంటున్నాయి?"

"ఇంకా పెరుగుతోంది."

"అయితే ఊరుకో."

చాలాసేపటికి మళ్ళీ ఆయన గొంతు, "ఇదిగో, ఏమేవ్! పాలు పొంగుతున్నాయి!"

నేను లేచి వంటింటిదాకా వెళ్ళిపోయాను. పొయ్యి ఆరే ఉంది. అయినా, "వస్తున్నా" అన్నాను.

వెనక టేపు తెగిన చప్పుడు. "మొత్తం ఎక్కింది అమ్మమ్మా" అంది మీ అక్క.

గుర్తుపెట్టుకో. రేపు మీ తమ్ముడికి నువ్వే చెప్పాలి. తాతయ్య ఆగినచోట నువ్వూ ఆగు. అయిపోయిందేమో అనుకోనీ వాణ్ణి.