సెల్లార్ తెర నుంచి జవాబు

సీడార్ నది ఊళ్ళోకి వచ్చిపోయాక మూడో వసంతం అది. చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ పేటలో గోడల మీద బురద గీత ఇంకా పోలేదు. రంగు వేసిన ఇళ్ళలోనూ లోపలి నుంచి మళ్ళీ పైకి ఊరుతూనే ఉంది.

ఆ వసంతంలో కోసెక్ దాణా మిల్లువాళ్ళు ఆర్లో ట్వెట్‌ని పిలిపించారు.

ఆర్లో పని నడిమిరకం కంప్యూటర్లతో. అవి బల్ల మీద పెట్టుకునేవి కావు, గదులు గదులు నింపేవీ కావు. ఫ్రిజ్ అంత నల్ల పెట్టె ఒక మూల నిలబడి ఏళ్ళ తరబడి ఆగకుండా గుయ్యిమంటుంది. మిల్లులు, పాల డైరీలు, ట్రక్కుల కంపెనీలు దాని మీదే నడుస్తాయి. అది మొండికేస్తే ఆర్లోని పిలుస్తారు. మొండికేయకపోతే సభలకి పిలుస్తారు. డి మొయిన్‌లోనో ఒమాహాలోనో ఆ యంత్రాలు వాడేవాళ్ళ సంఘం హోటల్లో కూడినప్పుడు, ఆర్లో మాట్లాడతాడంటే కుర్చీలు చాలవు.

సభలో ఆయన తప్పకుండా చెప్పే మాటలు రెండున్నాయి.

"మనిషి పోతే పువ్వులు పంపండి. అతని పేరు మాత్రం యంత్రంలోంచి తీసెయ్యకండి. తాళం వేసి ఊరుకోండి."

జనం నవ్వేవారు. నవ్వి, ఇంటికెళ్ళి అలాగే చేసేవారు. ఆ యంత్రంలో ప్రతి పనికీ యజమాని పేరొకటి ఉంటుంది. పేరు తీసేస్తే దాని కింది పనులన్నీ నిలిచిపోతాయి. అందుకని ఆ చుట్టుపక్కల ఏ కంపెనీలో చూసినా పోయినవాళ్ళ పేర్లు అలాగే ఉన్నాయి. వాళ్ళ పాస్‌వర్డ్ తీసేస్తారు, లోపలికి రానివ్వరు. ట్రక్కులు మాత్రం వాళ్ళ పేరు మీదే కదులుతాయి.

రెండో మాట: "మీ సొంత పేరు ఎవరి యంత్రంలోనూ వదిలి రాకండి. వదిలారా, చచ్చాక కూడా సెలవుండదు."

దీనికి ఇంకా గట్టిగా నవ్వేవారు.

కోసెక్ మిల్లులో తాళం వేసి ఉన్న పేరు గేలెన్ జలెస్కీది. గేలెన్ ఆ మిల్లు కంప్యూటర్ చూసేవాడు. సభల్లో ఆర్లోకి జత. ఆర్లో మాట్లాడుతుంటే వెనక తెర ముందు కూచుని గేలెన్ కీలు నొక్కేవాడు. నోరు విప్పిన పాపాన పోలేదు. వరద వచ్చిన రోజు, యంత్రంలోవన్నీ నకలు తీసిపెట్టిన టేపుల కోసం మిల్లు సెల్లార్‌లోకి దిగాడు. టేపులతోనే పైకొచ్చాడు. వచ్చి పై మెట్టు మీద కూచున్నాడు, మళ్ళీ లేవలేదు. ఆ టేపులతోనే ఆర్లో మిల్లుని మళ్ళీ నడిపించాడు. ఈసారి యంత్రాన్ని మేడ మీద పెట్టారు.

"రావయ్యా, చేపలు నానేసుకు తినే దేశస్థుడా," అన్నాడు మిల్లు యజమాని ల్యూమిర్ కోసెక్, గసగసాలు కూరిన తీపి రొట్టెలు, కొలాచీల పళ్ళెం ముందుకి తోస్తూ. "తిను. మీ ఊరు డెకోరాలో ఇట్లాంటివి దొరకవు."

"దొరక్కపోవడమే నయం. ఇవి తినే నువ్విట్లా అయ్యావు," అన్నాడు ఆర్లో, అతని పొట్టకేసి చూసి.

ల్యూమిర్ నవ్వలేదు. "రేపు బీమావాళ్ళొస్తున్నారు. లోపల గేలెన్ పేరు కనిపించకూడదంట. చచ్చినవాడి పేరు మీద మిల్లు నడుస్తుంటే సంతకం పెట్టరంట. తీసెయ్యి ఆర్లో. నీ చేత్తో తీస్తే నాక్కాస్త ఊరటగా ఉంటుంది."

ఆర్లో తెర ముందు కూచున్నాడు. నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు. గేలెన్ పేరు తెరిచాడు. తాళం అలాగే ఉంది. దాని కింద, ఆఖరిసారి లోపలికి వచ్చింది ఎప్పుడో చెప్పే వరస ఉంటుంది. అది చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

ఈ రోజు పొద్దున అని ఉంది.

ఎక్కడినుంచి వచ్చాడో కూడా ఉంది. ఆ మిల్లులో ఒక్కో తెరకీ అది ఉన్న చోటే పేరుగా పెట్టారు. తూకం గది, ఆఫీసు, లోడింగు. ఇక్కడ రాసి ఉన్నది సెల్లార్.

"ల్యూమిర్, సెల్లార్‌లో తెర ఉందా?"

"ఎక్కడిది? నదిలో కొట్టుకుపోయిందిగా. గోడకి బోల్టులు కూడా మిగల్లేదు. ఏం?"

"ఏం లేదు."

యంత్రం తనలో జరిగినవన్నీ రాసిపెట్టుకుంటుంది. ఆర్లో వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. నిన్నా ఉంది. మొన్నా ఉంది. మిల్లు తెరిచిన రోజుల్లో ఒక్కటీ తప్పలేదు. పొద్దున మొదటి బండి దాణా కలిపే ముందు సెల్లార్ తెర నుంచి గేలెన్ లోపలికొస్తాడు. ఒక ప్రశ్నకి జవాబిస్తాడు, వెళ్ళిపోతాడు.

ఆ ప్రశ్న ఒక్క ముక్క: మిక్సర్ శుభ్రం చేశారా?

జవాబు ఎప్పుడూ ఒకటే: లేదు.

ఆర్లోకి ఆ ప్రశ్న తెలుసు. అది పెట్టింది గేలెనే. సాయంత్రం ఆఖరున పశువుల దాణా కలుపుతారు. అందులో ఎడ్లు బలిసే మందుంటుంది. అదే మందు చిటికెడు గుర్రం కడుపులో పడితే దాని గుండె ఆగిపోతుంది. పొద్దున మొదట కలిపేది గుర్రాల దాణా. అందుకని గుర్రాల దాణా ఎప్పుడు కలిపినా ముందు యంత్రం ఆగి అడుగుతుంది. లేదు అంటే ముందు ఒక విడత ఉత్త మొక్కజొన్న పిండి తిప్పి మిక్సర్ కడుగుతుంది. అవును అంటే నేరుగా కలిపేస్తుంది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కినా అవుననే అనుకుంటుంది. ఆ అలవాటు మార్చేందుకు దారి లేదు. గేలెన్ రాసిన మూలప్రతి నది పాలైంది. టేపుల్లో మిగిలింది నడిచే రూపం ఒక్కటే. దాన్ని నడపగలరు గాని విప్పి దిద్దలేరు.

మిక్సర్ దగ్గర పనిచేసే డ్వేన్ హ్రూబీని పిలిచాడు ఆర్లో.

"పొద్దున ఆ ప్రశ్నకి జవాబు ఎవరు కొడుతున్నారయ్యా?"

"ఏ ప్రశ్న? వరద తరవాత అదసలు రావడమే లేదు. దానంతటదే కడుక్కుని దానంతటదే తిరుగుతుంది. నువ్వే ఏదో చేసి పోయావంటగా. నీ పనే అనుకున్నాం అందరం."

"నేనేం చెయ్యలేదు."

"పోనీలే పెద్దాయనా, ఊరికే వచ్చిన మంచిపేరు ఉంచుకో," అని డ్వేన్ ఎక్కడో లోపలి జేబులోంచి పొగాకు డబ్బా తీశాడు.

అతను వెళ్ళాక ఆర్లో మళ్ళీ తెర వైపు తిరిగాడు. సభల్లో వేదిక మీద ఉన్నప్పుడు ఆయనా గేలెనూ ఒక తెర నుంచి ఇంకో తెరకి చిన్న చిన్న మాటలు పంపుకునేవాళ్ళు, జనానికి తెలియకుండా. ఇప్పుడు ఆర్లో ఒక మాట కొట్టి సెల్లార్ తెరకి పంపాడు.

ఉన్నావా?

అలాంటి తెర లేదని యంత్రం వెనక్కి కొట్టాలి. కొట్టలేదు. కాసేపటికి ఆ మాట పక్కన, చదివినట్టు గుర్తు పడింది. జవాబు మాత్రం రాలేదు. గేలెన్ బతికున్నప్పుడూ అంతే. చదివేవాడు, పలికేవాడు కాదు.

ఆర్లో కొలాచీ పళ్ళెం దూరంగా జరిపాడు.

మధ్యాహ్నం ఇర్మా జలెస్కీ వచ్చింది. గేలెన్ భార్య. ఊరి అవతల పాకలో ముసలి గుర్రాల్ని సాకుతుంది. ఎవరికీ అక్కర్లేనివి తెచ్చి ఆమె దగ్గర వదిలిపోతారు. వాటి దాణా ఈ మిల్లులోదే. ఆ పొద్దున సరుకు ఇంకో రైతుకి పోయింది. ఆమె కోసం ఇంకో విడత కలపాలి, ఈలోగా మిక్సర్‌లో పశువుల దాణా తిరిగింది.

"పేరు తీసేస్తున్నావంటగా," అంది ఆర్లోతో.

"అడిగారు. నీకు కష్టమైతే చెప్పు ఇర్మా."

"తీసెయ్యి. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మిల్లు మిల్లు అని చచ్చాడు. ఇప్పుడన్నా వదలనియ్యి."

"నీ గుర్రాలెలా ఉన్నాయి?"

"ముసలివే గాని ఈ మూడేళ్ళలో ఒక్కటీ పోలేదు. పశువుల డాక్టరు నన్నడుగుతాడు, ఏం పెడుతున్నావమ్మా అని. మా ఆయన మిల్లు దాణా అంటాను." అని కిటికీలోంచి ట్రక్కు వైపు చూసింది. "వాటిక్కూడా నాకులాగే వేరే దిక్కు లేదు."

ఆర్లో లోపలికెళ్ళి పని మొదలుపెట్టాడు. గేలెన్ కింద ఉన్న పనులన్నీ ఒక్కొక్కటే డ్వేన్ పేరుకి మార్చాడు. ప్రశ్న కూడా డ్వేన్ తెరకే వచ్చేట్టు పెట్టాడు. పిలిచి అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. డ్వేన్ తలూపాడు. అప్పుడు ఆర్లో గేలెన్ పేరు మీద వేలుంచి, తీసెయ్యమన్నాడు. నిజంగానా అని యంత్రం అడిగింది. అవునన్నాడు. పోయింది. గది ఏమీ మారలేదు. గుయ్యిమనే చప్పుడు అలాగే ఉంది.

ఇర్మా దాణా కలపడం మొదలైంది. ఆర్లో మెట్లు దిగి డ్వేన్ వెనక నిలబడ్డాడు. తెర మీద ప్రశ్న వచ్చింది. డ్వేన్ అటువైపు ట్రక్కువాడితో బేస్‌బాల్ కబుర్లు చెబుతూనే, తెరకేసి చూడకుండా, ఈగని తోలినట్టు ఎంటర్ మీద తట్టాడు.

"ఆపు!" అని అరిచాడు ఆర్లో. "ఆపవయ్యా, ఆపు!"

ఎర్ర బటన్ నొక్కేసరికి మిక్సర్ సగం తిరిగింది. కిందికి జారిన గింజలు పసుపుపచ్చగా, తియ్యటి వాసనతో ఉన్నాయి. మామూలు దాణాలాగే ఉన్నాయి.

"అదేంటి, తెర ఏమడిగినా ఎప్పుడూ అట్లాగే కొడతాంగా?" అన్నాడు డ్వేన్.

"అందరూ అట్లాగే కొడతారు," అన్నాడు ఆర్లో. "నేను చూసిన ప్రతి మిల్లులోనూ."

ఆ విడత మొత్తం గోతిలో పోయించారు. ల్యూమిర్ పైనుంచి తిట్టిన తిట్లు లోడింగు దాకా వినిపించాయి. ఇర్మా తిట్టలేదు. ఆర్లో సెల్లార్ తెర సంగతి చెబుతుంటే గోతి అంచున నిలబడి గింజల్ని చూసింది.

"ఆయనే కదూ," అంది మెల్లగా. "ఇన్నాళ్ళూ."

ఆర్లో తలూపాడు.

"మరి రేపటినుంచి ఎవరు?" అంది.

ఆర్లో మళ్ళీ మేడ ఎక్కాడు. బీమావాళ్ళు చూసేది చచ్చినవాళ్ళ పేర్లు. డ్వేన్ పేరుంటే వాళ్ళు ఒప్పుకుంటారు, గుర్రాలు పోతాయి. మిల్లు పేరు పెడితే ప్రశ్న ఎవరికీ పోదు. ఒప్పుకునే పేరు, చదివి జవాబిచ్చే పేరు, రెండూ అయింది ఆ గదిలో ఒకటే ఉంది. జీవితమంతా పెట్టొద్దని చెప్పిన పేరు.

ఆర్లో తన పేరు కొట్టాడు. గేలెన్‌వి అన్నీ దాని కిందికి లాగాడు.

"నువ్వే వద్దంటావుగా సభల్లో," అంది ఇర్మా గుమ్మం దగ్గర నిలబడి. "నీకు సెలవెవరిస్తారు?"

"చూద్దాంలే. పొద్దున్నే నేనే వచ్చి కొడతాను. కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను."

ఆ రోజు మిక్సర్ కడిగించి, కొత్త దాణా కలిపించి, ఆమె ట్రక్కులోకి బస్తాలు తనే ఎత్తాడు.

మర్నాడు పొద్దున దారిలో రైలుబండి అడ్డంగా నిలిచిపోయింది. గేటు దగ్గర వ్యాగన్ల చప్పుడు వింటూ స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూచున్నాడు ఆర్లో. మిల్లు చేరేసరికి ఆలస్యమైంది. పరుగుతో లోపలికొచ్చాడు. మిక్సర్ తిరుగుతోంది. గొట్టంలోంచి ఉత్త మొక్కజొన్న పిండి దిగుతోంది, తెల్లగా.

"ఎవరు కొట్టారు?" అన్నాడు రొప్పుతూ.

"నువ్వేగా," అన్నాడు డ్వేన్. "నీ పేరే వచ్చింది. నేనా తెర ముట్టుకోలేదు బాబూ, ఒట్టు."

ఆర్లో మేడ మీదికెళ్ళి తెరలోకి తన పేరుతో వెళ్ళాడు. క్రితంసారి వచ్చింది ఈ రోజు పొద్దున అని పచ్చ అక్షరాలు చెప్పాయి. సెల్లార్ నుంచి. ప్రశ్న పక్కన జవాబుంది: లేదు. దాని పక్కన ఆర్లో ట్వెట్ అని ఉంది.

ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. నది తడీ బురదా లేవు, పొడిగానే ఉన్నాయి.

సెల్లార్‌లోకి దిగాడు. నది వాసన ఇంకా ఉంది. తెర ఉండే చోట గోడకి బోల్టుల బెజ్జాలు, తెగిన తీగ ఒకటి. నేల ఖాళీగా ఉంది.

పైకొచ్చి, బీమావాళ్ళ కారు గేట్లోకి వస్తుంటే వాళ్ళని దాటుకుని బయటికెళ్ళాడు. వంతెన అవతల ఇనప సామాన్ల కొట్లో ఒక స్టూలు కొన్నాడు. ఎత్తుగా, చెక్క పీటతో ఉంది. భుజాన వేసుకుని మిల్లులోకి తెచ్చాడు.

"ఎవరికది?" అన్నాడు డ్వేన్.

"నిలబడి ఎన్నాళ్ళని కొడతారు," అన్నాడు ఆర్లో.

స్టూలు సెల్లార్‌లోకి తీసుకెళ్ళి, బోల్టుల బెజ్జాలున్న గోడకి ఎదురుగా వేసి, కదలకుండా సర్ది వచ్చాడు.