తీగ కన్ను

అత్తవారింట్లో మకాం పెట్టిన అల్లుడు ఖాళీగా కూర్చోకూడదు. ఎవరూ ఏమీ అనకపోయినా కూర్చున్న కుర్చీయే తిట్టినట్టు ఉంటుంది. కొట్టు మూతపడి, కుట్టుమిషనుతో సహా ఈ ఇంటికి చేరిన టైలరుకి ఆ సంగతి చలికాలమంతా తెలిసొచ్చింది. మిషను మంచం పక్కన ఇరుక్కుని పడి ఉంది. వీధివైపు ముందుగదికి మాత్రం తాళం. అది ఇస్తే అక్కడే కొట్టు తెరుచుకోవచ్చు, మళ్ళీ మనిషినని అనిపించుకోవచ్చు. అడగ్గా అడగ్గా మామగారు కంటి ఆపరేషనుకి వెళుతూ, "వచ్చాక చెప్తాలే" అన్నారు.

ఆయన ఇవాళ వస్తున్నారు. తీసుకురావడానికి బయల్దేరిన భార్య గుమ్మంలో ఆగింది.

"చలి పోయింది కదండీ, పెరడు కాస్త బాగుచెయ్యండి. ఎండినవన్నీ తీసెయ్యండి. నాన్న సంతోషిస్తారు."

ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? టైలరు నడుం బిగించాడు. కుళ్ళిన ఆకులు పోగుచేశాడు. చలికి మాడిన పూలమొక్కల్ని పీకాడు. గట్టిపడ్డ మడులు గుల్లగా తవ్వాడు. ఇక మిగిలింది పందిరి మీదికి పాకిన ఒక వంకర కట్టె. ఆకు లేదు, పచ్చదనం లేదు, బెరడు పొరలు పొరలుగా ఊడుతోంది. దానికంటే ఎండినది లోకంలో ఉండదనుకున్నాడు. మోకాలెత్తున రంపం పెట్టి కోసి, పందిరి మీంచి లాగి, పొడుగాటి ముక్కలు చేసి కట్ట కట్టాడు.

పక్కింటి పిన్నికి గోడ అవతల ఏం జరుగుతోందో చూడకపోతే తిన్నది అరగదు. మెడ చాచి చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ద్రాక్షతీగ కోశావేంటి బాబూ?"

"ఎండిపోయింది కదా పిన్నీ."

"ఎండిపోవడమేంటి, నా మొహం. చలికాలం అది అలాగే పడుకుంటుంది. మీ అత్తగారు కాపురానికొచ్చిన ఏడు పెట్టింది. ఆవిడ పోయాక మీ మామ నాలుగు మాటలు మాట్లాడేది దానితోనే. నేను చూడలేదు, నాకేం తెలీదు." పిన్ని తల గోడ వెనక్కి దిగిపోయింది.

టైలరు వంగి మోడు చూశాడు. కోసినచోట నీళ్ళు ఊరుతున్నాయి. చుక్క తరవాత చుక్క, మెల్లగా, ఆగకుండా. లైనింగు గుడ్డ చింపి గట్టిగా కట్టాడు. తడిసిపోయింది. దానిమీద ఇంకోటి చుట్టాడు. అదీ తడిసింది. ప్రాణమున్నదాన్ని కోశాననే భయం ఒకటి, ముందుగది చేజారిందనే భయం ఒకటి. ఏది ముందు పుట్టిందంటే, ముందుగది భయమే.

ఒక కంటికి కట్టు ఉంటుంది. రెండోదానికి ఎప్పటినుంచో మసక. ఆయనకేం కనిపిస్తుంది?

ఆ ఆలోచన వచ్చినందుకు ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు. మరుక్షణం కట్ట విప్పాడు. సుమారుగా అంత లావే ఉన్న ముక్క ఏరి, మోడు మీద నిలబెట్టి, ఇనపతీగతో పందిరి గుంజకి బిగించి, అతుకు మీద గుడ్డ చుట్టి మట్టి పులిమాడు. అతుకులు వెయ్యడంలో అతనిది అందె వేసిన చెయ్యి. వెల్వెట్టు గుడ్డయితే నూగు ఎటు వాలిందో చూడకుండా కత్తెర ముట్టడు. కట్టెకి కూడా పైనా కిందా ఉంటుందని మాత్రం ఆ కంగారులో తట్టలేదు.

వీధిలో కారు ఆగింది.

మామగారు రైళ్ళు నడిపిన మనిషి. మాట తక్కువ, చెవి ఎక్కువ. కూతురి చెయ్యి పట్టుకుని వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. పెరట్లోకి తీసుకెళ్ళమన్నారు.

టైలరు అడ్డం వెళ్ళాడు. "కాసేపు పడుకోండి మామయ్యా."

"అక్కడ పడుకునే వచ్చాను."

భార్య పెరడు చూసి మురిసిపోయింది. "అద్దంలా చేశారు నాన్నా." ఆయన తల ఊపి, చెయ్యి ముందుకు చాపి పందిరి గుంజ వెతుక్కుంటూ నడిచారు. గుంజ దొరికింది. పక్కనే కట్టె దొరికింది. వేళ్ళు బెరడు మీద పైకి పాకి ఆగాయి. కిందికి దిగి మళ్ళీ ఆగాయి. ఇంకో జానెడు దిగితే మట్టి పులిమిన గుడ్డే.

"అల్లుడూ, ఇలా రా."

వెళ్ళాడు. మామగారు అతని వేలు పట్టుకుని కణుపు దగ్గర ఒక చిన్న బొడిపె మీద పెట్టారు.

"ఇది తీగకి కన్ను. చిగురు ఇక్కణ్ణుంచే వస్తుంది. నాకు కనబడదు, నువ్వు చూసి చెప్పు. ఎటు చూస్తోంది?"

"కిందికి మామయ్యా."

"దాని పైది?"

"అదీ కిందికే."

"ఇన్నేళ్ళలో ఈ తీగ ఎప్పుడూ నేలచూపులు చూడలేదయ్యా. తప్పు చేసినవాళ్ళు కదా అలా చూసేది. ఇదేం తప్పు చేసింది?"

భార్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఎండిందనుకుని కోసిన సంగతీ, నీళ్ళు కారిన సంగతీ, గుడ్డ సంగతీ టైలరు చెప్పేశాడు. "భయమేసింది మామయ్యా" అన్నాడు చివరికి.

"కోసినందుకు నేనేం అనను. తెలీక కోశావు. మీ అత్తయ్య ఉంటే నాలుగు తిట్టి, వేరుంది కదా, మళ్ళీ వస్తుందిలే అనేది." ఆయన కట్టె మీంచి చెయ్యి తీసేశారు. "వీడికి కళ్ళు లేవు, ఏం తెలుస్తుందిలే అనుకుని దీన్ని నిలబెట్టావు చూడు. అది తెలిసే చేశావు."

టైలరుకి చెంపదెబ్బ తగిలినా బాగుండేదనిపించింది.

"ఆ గుడ్డలు విప్పెయ్. కారనీ. దానంతట అదే ఆగుతుంది."

విప్పాడు. మామగారు మోకాళ్ళ మీద కూర్చుని మోడు కింద అరచెయ్యి పట్టారు. లేచాక ఆ తడిచెయ్యి తుడుచుకోలేదు.

"ముందుగది తాళంచెవి దారిలోనే అమ్మాయికిచ్చాను. ఇచ్చింది వెనక్కి తీసుకోను. రేపే కొట్టు తెరుచుకో."

కూతురు చెయ్యి అందించబోతే వద్దని, గోడ పట్టుకుని ఒక్కరే లోపలికి వెళ్ళిపోయారు.

భార్య తాళంచెవి చాపింది. "తీసుకోండి." ఆ గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"నీ దగ్గరే ఉంచు" అన్నాడు టైలరు, తలెత్తకుండానే.